ఇంజన్ మారితే బేరగాడు మారతాడు

పాత బండ్ల మీద మనసున్నవాళ్ళు నలుగురు ఒకచోట చేరారంటే, ఆ కబురూ ఈ కబురూ అయ్యాక తగువు తప్పకుండా ఒక దగ్గరికే వస్తుంది. యాభై అరవై ఏళ్ళ నాటి ట్రక్కులో ఈ కాలపు ఇంజన్ పెట్టించవచ్చా? పెట్టిస్తే ధర పడిపోతుందా, పెరుగుతుందా? ఒకాయన "ముట్టుకున్నావంటే పాడు చేసినట్టే" అంటాడు. ఇంకొకాయన "రోడ్డెక్కని బండికి విలువేమిటండీ?" అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకే ఆ తగువు ఎంతకీ తెగదు.

బయట చలిగా ఉంది, ఎలాగూ ఇప్పుడే లేవబుద్ధి కాదు. కుర్చీ ఇటు లాక్కోండి, ఆ తగువును తీరిగ్గా విప్పి చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు కాదనవచ్చు. ఇంజన్ మారిస్తే బండి ధర ఇంత పెరుగుతుంది, ఇంత తగ్గుతుంది అని కట్టే లెక్కలేవీ నిలవవు. ఇంజన్ మారితే బేరగాడు మారతాడు, అంతే. అసలు ఇంజన్‌తో ఉన్న బండిని వెతుక్కుంటూ ఒక రకం మనిషి వస్తాడు, మార్చినదాన్ని వెతుక్కుంటూ ఇంకో రకం మనిషి వస్తాడు. మీ బండికి ఆ ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఇస్తారో తెలుసుకుంటే సగం తగువు తీరిపోయినట్టే.

ఊరికే గాలిలో మాట్లాడుకోవడం ఎందుకు, ఒక బండిని ఎదురుగా పెట్టుకుందాం. ఈ తగువు పుట్టి పెరిగింది అమెరికాలో కాబట్టి అక్కడి బండే తీసుకుందాం. 1947 వేసవిలో షెవర్లే కంపెనీ కొత్త వరస పికప్పులు దించింది. వాటిలో అరటన్ను రకానికి 3100 అని పేరు. ముందు అయిదు అడ్డపట్టీల గ్రిల్లు, గుండ్రంగా ఉబ్బిన మడ్‌గార్డులు. అమెరికా పల్లెటూరి బొమ్మ గీయమంటే చిత్రకారులు ఇప్పటికీ గీసేది ఇలాంటి ట్రక్కునే.

బోనెట్ ఎత్తండి. వరసగా ఆరు సిలిండర్ల ఇంజన్. 216 క్యూబిక్ అంగుళాలు, మన లెక్కలో మూడున్నర లీటర్లు. శక్తి 90 హార్స్‌పవర్. స్టార్ట్ చేయాలంటే తాళం తిప్పితే చాలదు, స్టార్టర్‌ను కాలితో తొక్కాలి. ఇంజన్ లోపల కనెక్టింగ్ రాడ్లకు ఆయిల్ అందే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. రాడ్డు కిందికి దిగినప్పుడల్లా దాని చివరనున్న చిన్న మూతి కింద తొట్టిలోని ఆయిల్‌ను ముంచుకుని పైకి చిమ్ముతుంది. ఆ రాడ్ల బేరింగులు బాబిట్ అనే మెత్తటి లోహాన్ని కరిగించి పోసినవి. అరిగాయంటే షాపుకెళ్ళి కొత్త జత తెచ్చి వేస్తే అయిపోయే పని కాదది. మళ్ళీ కరిగించి పోయాలి, కొలతకు బోరు చేయాలి. ఆ పని తెలిసిన చేతులు అమెరికాలోనూ ఏటికేడాది తగ్గిపోతున్నాయి.

ఇంకో సంగతి. వెనక యాక్సిల్ నిష్పత్తి 4.11. అంటే టాప్ గేరులో చక్రం ఒక్కసారి తిరిగేలోగా ఇంజన్ నాలుగుసార్లు దాటి తిరగాలి. బస్తాలు మోయడానికి, బురదలోంచి బయటపడడానికి ఆ గేరింగ్ భేషైనది. కానీ గంటకు 80 కిలోమీటర్లు దాటించామా, ఇంజన్ గొంతు చించుకుంటుంది. తప్పు బండిది కాదు. అది పుట్టేనాటికి అమెరికాలో ఇంటర్‌స్టేట్ రోడ్లే లేవు, ఆ రోడ్ల చట్టం వచ్చింది 1956లో. రైతు పొలం నుంచి ఊళ్ళోకి, ఊళ్ళోంచి పొలానికి వెళ్ళడానికి చేసిన బండిని పట్టుకెళ్ళి, ఇవాళ 120 కిలోమీటర్ల వేగంతో లారీలు దూసుకుపోయే రోడ్డు మీద వదిలితే పాపం అదేం చేస్తుంది?

ఇంజన్ మార్చాలన్న కోరిక పుట్టేది అక్కడే. కోరిక కొత్తదేం కాదు. 1955లో షెవర్లే 265 క్యూబిక్ అంగుళాల చిన్న వీ8 ఇంజన్ తెచ్చింది. తర్వాత అదే కుటుంబంలో 350 వచ్చింది. కొన్ని దశాబ్దాలపాటు అమెరికాలో పాత బండి ఏదైనా సరే, అందులో 350 దింపడం ఆనవాయితీ అయిపోయింది. 1997లో కార్వెట్ స్పోర్ట్స్ కారులో ఎల్ఎస్1 అనే సరికొత్త వీ8 వచ్చింది. 1999 నుంచి అదే కుటుంబపు ఇంజన్లను షెవర్లే తన పికప్పుల్లోనూ పెట్టడం మొదలెట్టింది. వాటిలో 5.3 లీటర్ల రకం మొదట్లోనే 270 హార్స్‌పవర్ ఇచ్చేది. మన 3100 ఇంజన్‌కు మూడింతలు! లక్షల సంఖ్యలో తయారయ్యాయి కాబట్టి, గుద్దుకుని మూలపడ్డ పికప్పులు చేరే తుక్కు యార్డుల్లో ఆ ఇంజన్లు ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి. పొద్దున్నే ఒక్క తిప్పుకు స్టార్టవుతాయి, పెట్రోలు తక్కువ తాగుతాయి, విడిభాగాలకు లోటు లేదు. మనసు లాగకుండా ఎలా ఉంటుంది చెప్పండి?

అయితే ఇంజన్ మార్చడమంటే ఒకటి తీసి ఇంకొకటి కూర్చోబెట్టడం అనుకునేరు. పాత కార్బురేటర్‌కు చదరపు అంగుళానికి అయిదారు పౌన్ల ఒత్తిడితో పెట్రోలు అందితే సరిపోతుంది. ఎల్ఎస్ ఇంజన్ ఇంజెక్టర్లకు 58 పౌన్లు కావాలి. అంటే పంపు మారాలి, పైపులు మారాలి, చాలాసార్లు ట్యాంకే మారాలి. 1972 దాకా వచ్చిన షెవర్లే సి-10 పికప్పుల్లో పెట్రోలు ట్యాంకు ఎక్కడుండేదో తెలుసా? క్యాబిన్ లోపల, సీటు వెనకాల! చాలామంది ఇంజన్‌తోపాటు దాన్నీ అక్కణ్ణించి తీసి వెనక ఫ్రేము మధ్యకు మార్పిస్తారు. తర్వాత కంప్యూటరు, దాని వైరింగు. తర్వాత రేడియేటరు, గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు, స్పీడోమీటరు. అన్నిటికంటే ముఖ్యం బ్రేకులు. ఇంజన్ బలం మూడింతలు చేసి బ్రేకులు పాతవే ఉంచితే అది బండి కాదు, ప్రమాదం. ఇంజన్ కొన్న డబ్బు ఇందులో ఒక చిన్న వంతు. అసలు ఖర్చంతా దాని చుట్టూ ఉంటుంది.

సరే, ఇప్పుడు డబ్బు సంగతికొద్దాం.

అసలు బండిని వెతుక్కుంటూ వచ్చేవాడు చరిత్ర కొంటాడు. ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఆ బండి ఎలా ఉందో అలాగే కావాలతనికి. ఏ రంగు, ఏ ఇంజన్, ఏ యాక్సిల్, ఏ సీటు గుడ్డ అని ఆరా తీస్తాడు. 1967 నుంచి 1972 దాకా వచ్చిన షెవర్లే పికప్పుల గ్లవ్ బాక్సులో ఒక కాగితం అంటించి ఉండేది. ఫ్యాక్టరీలో ఆ బండికి ఏమేం అమర్చారో అందులో కోడ్‌లతో రాసి ఉంటుంది. ఆ కాగితం చెక్కుచెదరకుండా ఉంటే ఈ మనిషి కళ్ళు మెరుస్తాయి. రెండో మనిషికి ఆ కాగితంతో పని లేదు. ఆదివారం పూట పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, వంద మైళ్ళు వెళ్ళి మళ్ళీ ఇంటికి రావాలి, దారిలో ఆగిపోకూడదు. పాత రూపం, కొత్త నడక. ఇలాంటి బండ్లను అక్కడ రెస్టోమాడ్ అంటారు. అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో ఏటా జనవరిలో బారెట్-జాక్సన్ సంస్థ పెద్ద వేలం జరుపుతుంది. అక్కడికొచ్చి చేతులెత్తేవాళ్ళలో ఈ రెండో రకం మనుషులు బోలెడుమంది. బాగా కట్టిన రెస్టోమాడ్ పికప్పు అలాంటిచోట అసలు రూపంలో ఉన్న మామూలు పికప్పును ధరలో దాటిపోవడం ఇప్పుడు వింతేమీ కాదు.

అయితే ప్రతి పాత పికప్పూ మామూలు పికప్పు కాదు. అది తెలియక చేసే పనికే నా ప్రాణం ఉసూరుమంటుంది. 1978లో డాడ్జ్ కంపెనీ లిల్ రెడ్ ఎక్స్‌ప్రెస్ అనే ఎర్రటి పికప్పు తెచ్చింది. క్యాబిన్ వెనక రెండు పక్కలా నిటారుగా పైకి లేచిన క్రోమ్ సైలెన్సర్ గొట్టాలు, తలుపుల మీద బంగారు రంగు అక్షరాలు. 360 క్యూబిక్ అంగుళాల వీ8. ఆ ఏడాది 2,188, మరుసటి ఏడాది 5,118 చేసి ఆపేశారు. 1991లో జీఎంసీ సైక్లోన్ వచ్చింది. చిన్న పికప్పులో 4.3 లీటర్ల టర్బో వీ6, నాలుగు చక్రాలకూ పవర్, 280 హార్స్‌పవర్. ఆ ఏడాది చేసినవి 2,995 మాత్రమే. ఇలాంటి బండ్లకు పేరు తెచ్చిందే ఆ ఇంజన్. దాన్ని పీకేస్తే మిగిలేది రేకు, రంగు. మొదటి రకం మనిషి గుమ్మం దగ్గర్నించే వెనక్కి వెళ్ళిపోతాడు. రెండో రకం మనిషికి అదీ ఒకటే, మామూలు పికప్పూ ఒకటే. కాబట్టి అతను మామూలు ధరే ఇస్తాడు. అమ్మమ్మ కాసులపేరు కరిగించి కొత్త మోడల్ గొలుసు చేయించుకుంటే ఏమవుతుంది? కంసాలి తూకం వేసి బంగారానికే లెక్క కడతాడు, ఆ పాత పనితనానికి పైసా రాదు. బజార్లో కొన్న సాదా గొలుసు కరిగించుకుంటే మాత్రం ఎవరికీ బాధ లేదు. ఇదీ అంతే.

ఆరు సిలిండర్ల సాదా ఇంజన్, మూడు గేర్లు, రేడియో కూడా లేని సి-10 ఆ సాదా గొలుసు లాంటిది. లక్షల్లో తయారైంది. అందులో ఇంజన్ మార్చినందువల్ల చరిత్రకు నష్టం లేదు. పైగా అలాంటి బండ్లలో అసలు ఇంజన్ మిగిలి ఉండడమే అరుదు. ట్రక్కు అంటే పనిముట్టు. ఇరవై ఏళ్ళు సిమెంటు మోసి, గడ్డి మోసి, ఇంజన్ పోతే యజమాని దొరికిన ఇంజన్ తెచ్చి వేయించుకున్నాడు. కార్ల లోకంలో ఇంజన్ నంబరూ ఛాసిస్ నంబరూ కలిసిన బండికి ఎంత గౌరవమో మీకు తెలుసు. ట్రక్కుల దగ్గర ఆ గౌరవం అంత బరువు తూగదు, ఎందుకంటే రుజువు చేయడమే కష్టం. షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్‌లో ఇంజన్ బ్లాకు మీద బండి నంబరులో కొంత భాగాన్ని కొట్టడం మామూలైంది 1960ల చివర్లోనే. అంతకు ముందు పికప్పుల్లో ఇంజన్ మీద తేదీలూ కోడ్‌లూ ఉంటాయి. అవి చూసి "ఈ కాలపు ఇంజనే" అనగలం. "ఈ బండిలో పుట్టిన ఇంజనే" అని ఒట్టు వేయలేం.

ఇక్కడ మా మేనల్లుడి సంగతి చెప్పాలి. వాడు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. ఆ చుట్టుపక్కల మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు వేరే చెప్పక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ పని, కానీ శనివారం వచ్చిందంటే మనసంతా పాత బండ్ల మీదే. 1970 నాటి సి-10 ఒకటి అమ్మకానికి ఉందని చూడ్డానికి వెళ్ళి అక్కణ్ణించే నాకు వీడియో కాల్ చేశాడు.

"మామయ్యా, ఇంజన్ ఎలా మెరిసిపోతోందో చూడండి. 5.3 వేశాట్ట. కొనెయ్యమంటారా?"

"మెరుపు సంగతి తర్వాత చూద్దాం నాన్నా. ఫోను కిందికి దింపు. ఇంజన్ దేనిమీద కూర్చుందో అది చూపించు."

వాడు నేలమీద పడుకుని చూపించాడు. ఫ్రేముకు బోల్టులతో బిగించిన అడాప్టర్ ప్లేట్లు, వాటిమీద ఇంజన్. ఫ్రేము ఎక్కడా కోయలేదు, వెల్డింగ్ పెట్టలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. కావాలంటే రేపు ఈ ఇంజన్ దింపి పాతది పెట్టుకోవచ్చన్నమాట. మొదటి రకం మనిషికి తలుపు మూయలేదు.

"ఇప్పుడు ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ చూపించు."

అక్కడ కథ మారిపోయింది. డ్రిల్లుతో పొడిచిన కన్నం, అంచుకు రబ్బరు బుష్షు లేదు. అందులోంచి వైర్లన్నీ గుత్తిగా లోపలికి వెళ్తున్నాయి. రేకు అంచు వైరు మీద ఆనుకుని ఉంది. నాలుగు వేల కిలోమీటర్లు నడిచేసరికి ఆ అదురుకి పైతొడుగు కోసుకుపోవడం ఖాయం. పెట్రోలు పైపేమో ఎగ్జాస్టు పక్కనుంచే వెళ్తోంది, మధ్య వేడి ఆపే రేకు కూడా లేదు.

"బ్రేకులు ఏం వేశార్రా?"

"పాతవే మామయ్యా. నాలుగూ డ్రమ్ములే."

1971 నుంచి ఆ పికప్పులకు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు కంపెనీయే ఇచ్చింది. ఇది దానికి ఒక ఏడాది ముందు బండి. ఆ కొత్త ఇంజన్‌ను ఆపాల్సింది ఆ పాత డ్రమ్ములే.

"ఇంజన్ మార్చడం తప్పు కాదురా. పని సగంలో ఆపేశారు. ఆ మిగతా సగం ఖర్చు నీ నెత్తిన పడుతుంది. వైరింగు, పెట్రోలు పైపు, బ్రేకులు ఎంతవుతాయో మెకానిక్ చేత రాయించుకో. ఆ మొత్తం తగ్గిస్తేనే తీసుకుంటానని మర్యాదగా చెప్పు. అసలు ఇంజన్ ఎక్కడుందో కూడా అడుగు. షెడ్డులో ఎక్కడో పడి ఉంటే బండితోపాటు ఇచ్చెయ్యమను."

చూశారా? ఒకే సంవత్సరం, ఒకే మోడలు, ఒకే ఇంజన్. కానీ బోల్టులతో బిగించిన పనికీ కోసి అతికించిన పనికీ మధ్య ధర నేలకూ నింగికీ తేడా వస్తుంది. కొనేవాడికి ఇంజన్ పేరు కంటే ఎవరు చేశారు, ఎలా చేశారు, కాగితాలున్నాయా అన్నదే పెద్ద ప్రశ్న. పని జరిగేటప్పుడు తీసిన ఫొటోలు, బిల్లులు, వైరింగు బొమ్మ ఒక ఫైల్లో పెట్టి ఇచ్చేవాడికీ, "అంతా బాగానే ఉందండీ, నడిపి చూసుకోండి" అనేవాడికీ ఒకే ధర ఎందుకొస్తుంది?

ఇప్పుడు రెండు బండ్ల కథ చెప్తాను. రెండూ పాతవే, రెండూ కొండలెక్కేవే, కానీ రెండూ చెరో దారి పట్టాయి.

మొదటిది ఫోర్డ్ బ్రాంకో. 1966 నుంచి 1977 దాకా వచ్చిన మొదటి తరం. మొదట్లో అందులో 170 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్, 105 హార్స్‌పవర్. ఆ బుజ్జి బండిలో ఇప్పుడు ముస్టాంగ్ కారుకు వేసే 5 లీటర్ల కొయొటీ వీ8 పెట్టి, కొత్త బ్రేకులు, కొత్త సస్పెన్షన్ వేసి అమ్మే దుకాణాలు అమెరికాలో బోలెడు వెలిశాయి. ఇవి లక్ష డాలర్లు అవలీలగా దాటేస్తున్నాయి. అసలు రూపంలో ఉన్న మంచి బ్రాంకోల్లో చాలా వాటి కంటే ఎక్కువ. ఇక్కడ రెండో రకం మనిషిదే పైచేయి.

రెండోది టయోటా ల్యాండ్ క్రూజర్ ఎఫ్‌జె40. దానికి 3.9 లీటర్ల, తర్వాత 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్. గట్టిది, కానీ నెమ్మది. 1970ల్లో, 80ల్లో అమెరికాలో చాలామంది ఆ ఇంజన్ తీసి పారేసి షెవర్లే 350 దింపుకున్నారు. అప్పుడది తెలివైన పని, బండి ధర పెంచే పని. ఇవాళ అదే బండిని అమ్మకానికి పెడితే కొనేవాడి మొదటి ప్రశ్న "టయోటా ఇంజన్ ఉందా?" అనే. అసలు ఇంజన్ ఉన్నదానికి డిమాండ్ పెరిగింది, ఆ కాలపు 350 ఉన్నది వెనకబడింది. కొత్తొక వింత, పాతొక రోత అనేవాళ్ళు మన పెద్దలు. ఇక్కడ అప్పటి కొత్తే రోతైపోయి, అప్పటి పాతే వింతైంది.

దీన్నిబట్టి నాకొకటి గట్టిగా అనిపిస్తుంది. మనం ఆధునికమని పెట్టే ఇంజన్ కూడా ముసలిదైపోతుంది. నలభై ఏళ్ళ తర్వాత ఎల్ఎస్ ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు పెట్టె కాలిపోతే అది దొరుకుతుందా? ఇప్పటికే ఇంకో తరం మొదలైంది. 2020లో షెవర్లే 1977 నాటి కె5 బ్లేజర్‌లోంచి 400 క్యూబిక్ అంగుళాల వీ8 తీసేసి, తన బోల్ట్ కారు కరెంటు మోటారును పెట్టి చూపించింది. 2021లో ఫోర్డ్ 1978 నాటి ఎఫ్-100లో రెండు మోటార్లు పెట్టింది, 480 హార్స్‌పవర్. రేపు ఎల్ఎస్ పెట్టిన పికప్పును చూసి కుర్రవాళ్ళు "అయ్యో, ఇంకా పెట్రోలేనా?" అంటారేమో. అందుకే తిరిగి వెనక్కి వెళ్ళగలిగే దారి తెరిచి ఉంచిన మార్పే తెలివైన మార్పు. ఫ్రేము కోయకండి. తీసిన ఇంజన్ అమ్మకండి. దాన్ని తుడిచి, కన్నాలన్నీ మూసి, తేమ తగలకుండా చుట్టి, షెడ్డులో ఓ మూల స్టాండు మీద పెట్టండి. అప్పుడు రేపు మీ దగ్గరికి ఏ రకం మనిషి వచ్చినా అమ్మగలరు.

కాగితాల సంగతీ చూడాలి. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి పెట్రోలు బండ్లకు పొగ పరీక్ష తప్పదు. అలాంటి బండిలో ఇంజన్ మారిస్తే, పెట్టే ఇంజన్ ఆ బండి సంవత్సరానిదో అంతకు కొత్తదో అయి ఉండాలి. దాని పొగ నియంత్రణ సామగ్రి అంతా కూడా రావాలి. ఆ పనికే ఉన్న రిఫరీ అనే తనిఖీదారు చూసి ఒప్పుకోవాలి. 1975, అంతకు ముందు బండ్లకు ఈ పరీక్ష లేదు. అందుకే అక్కడ 1975 పికప్పుకూ 1976 పికప్పుకూ ఇంజన్ మార్చేవాడి కంట్లో విలువ ఒకటి కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. 1950ల మధ్య దాకా కొన్ని రాష్ట్రాల్లో టైటిల్ కాగితం, అంటే బండి యాజమాన్య పత్రం మీద ఇంజన్ నంబరే రాసేవారు. ఆ ఇంజన్ తీసి అమ్మేశారంటే బండి గుర్తింపు పోయినట్టే. పనిముట్లు పట్టుకునే ముందు ఆ కాగితం తీసి చదువుకోవాలి. ఇన్సూరెన్స్ కూడా మార్పులన్నీ చెప్పి, ముందే ఇద్దరూ ఒప్పుకున్న విలువకు రాయించుకోవాలి. లేకపోతే బండికేమైనా అయితే పెట్టిన ఖర్చు గాల్లో కలుస్తుంది.

ఇక మన ఇంటి సంగతి. మనకు పికప్పు లేకపోయినా జీపు ఉంది. విల్లీస్ జీపులను మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లో మన దేశంలో కూర్చడం మొదలుపెట్టారు. తర్వాత ఏళ్ళ తరబడి తిరిగిన సీజే3బీ జీపులో హరికేన్ అనే పెట్రోలు ఇంజన్ ఉండేది. పొలాలకూ ఎస్టేట్లకూ కాంట్రాక్టు పనులకూ తిరిగే జీపు పెట్రోలు తాగుతుంటే ఎవరు భరించగలరు? ఊరూరా ఆ ఇంజన్ దింపి డీజిల్ ఇంజన్ ఎక్కించారు. వాళ్ళు చేసింది ముమ్మాటికీ సబబే. అన్నం పెట్టే బండిని నడిపించుకోవడానికి చేసిన పని అది. మహీంద్రా కంపెనీయే 1980ల మధ్యలో ఎంఎం540 జీపుకు ప్యూజో డీజిల్ ఇంజన్ ఇచ్చింది. కానీ ఇవాళ జీపు మోజున్న మనిషి వచ్చి బోనెట్ ఎత్తగానే అడిగేది పెట్రోలు ఇంజన్ ఉందా అని. డీజిల్ చూసి మొహం ముడుచుకుంటాడు.

మన దగ్గర అలా మొహం ముడుచుకోవడానికి చట్టం కూడా తోడైంది. 2021 జూలైలో కేంద్రం పాత బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. మొదట రిజిస్టరై యాభై ఏళ్ళు దాటిన, సొంతానికి వాడుకునే బండ్లు వీటి కిందికి వస్తాయి. కొత్తగా రిజిస్టర్ చేయించేవాటికి నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తిరిగి చేయించుకోవడానికి 5,000. అయితే ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పు చేసిన బండికి ఆ హోదా రాదు. కాబట్టి మన దేశంలో అసలు ఇంజన్‌కు ఇప్పుడు కాగితం మీద కూడా విలువ వచ్చింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మారిస్తే రవాణా శాఖ అనుమతి ఉండాలి, ఆర్సీలో ఎక్కాలి. ఎప్పుడో మార్చి ఎక్కించకుండా వదిలేసిన జీపులు మన ఊళ్ళల్లో ఎన్ని ఉన్నాయో! అమ్మే రోజు వచ్చేదాకా ఆ చిక్కు ఎవరికీ గుర్తుండదు.

ఇంతకీ డబ్బు లెక్క ఏమిటంటారా? సూటిగా చెప్తాను. సాదా బండిలో శ్రద్ధగా మార్పిస్తే ధర తగ్గదు, తరచు పెరుగుతుంది. కానీ పెట్టినంతా తిరిగిరావడం అరుదు. షాపు కూలీయే సగం మింగేస్తుంది. అరుదైన బండిలో మార్పిస్తే ధర పడిపోతుంది, ఎంత గొప్ప ఇంజన్ పెట్టినా సరే. సగంలో ఆపిన పనికి ఎక్కడా విలువ లేదు. లాభం కోసం మార్చేవాడు అయిదు డాలర్లు పెట్టి మూడు సంపాదిస్తాడు. నడపడానికి మార్చుకునేవాడు మాత్రం ప్రతి ఆదివారం తన డబ్బు వసూలు చేసుకుంటాడు. ఏళ్ళ తరబడి గుడ్డ కప్పుకుని పడి ఉన్న ట్రక్కు కన్నా పిల్లల్ని ఎక్కించుకుని రోడ్డు మీదికొచ్చిన ట్రక్కే ఎక్కువ బతికినట్టు నా లెక్క. కానీ ఆ బతికించడంలో వెనక్కి వెళ్ళే దారి తెంచకూడదు, అంతే నా పట్టుదల.

కాబట్టి పానా పట్టుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ బండి ఎన్నింటిలో ఒకటి? నేనమ్మే రోజున దీన్ని కొనడానికి ఎవరొస్తారు? ఈ మార్పు వద్దనుకుంటే వెనక్కి తీసుకోగలనా? ఈ మూడింటికీ జవాబు దొరికిందంటే ఇంజన్ మార్చాలా వద్దా అన్నది మీరెవర్నీ అడగాల్సిన పని లేదు, నేను చెప్పాల్సిన పనీ లేదు. ఇక మీ పెరట్లోనో, తాతగారి ఊళ్ళో పశువుల పాకలోనో పాత జీపు ఒకటి ఉందనుకోండి, ఈ ఆదివారం ఒక పని చేయండి. చిన్న బ్రష్షు, కాస్త కిరసనాయిలు పట్టుకెళ్ళి ఇంజన్ బ్లాకు మీది మట్టి కడగండి. నంబరు కనబడుతుంది. దాన్ని ఆర్సీ పక్కన పెట్టి చూసుకోండి. మీ బండికి ఎలాంటి బేరగాడు వస్తాడో అక్కడే తేలిపోతుంది.